వీహెచ్ఎఫ్ రేడియోకి జీపీఎస్ కలపడం: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

ముందే చెప్తున్నా, డీఎస్‌సీ (ఆపదలో బటన్ నొక్కితే మాట లేకుండా డేటాగా కబురు పంపే ఏర్పాటు) ఉన్న వీహెచ్ఎఫ్ రేడియో, అంటే సముద్రంలో బోట్లు, ఓడలు మాట్లాడుకునే రేడియో, కొని బోటులో బిగించి, దానికి జీపీఎస్ కలపకుండా వదిలేస్తే పెట్టిన డబ్బులో సగం నీళ్లపాలైనట్టే. మాటలు వినపడతాయి, మనం మాట్లాడితే అవతలికి పోతాయి, అంతవరకే. ఆపదలో మనమెక్కడున్నామో తనంతట తానే చెప్పే పని మాత్రం జరగదు.

మాది జువ్వలదిన్నె వైపు మర బోటు. కేబిన్‌లో ఒక చార్ట్ ప్లాటర్ (జీపీఎస్‌తో బోటు ఉన్న చోటుని మ్యాప్ మీద చూపించేది), పక్కనే 25 వాట్ల ఫిక్స్‌డ్ వీహెచ్ఎఫ్, రెంటికీ మధ్య సన్నటి తీగలు. నేను రాసేది ఈ తీగల గురించే. కొన్నేళ్లుగా ఎండలో, ఉప్పుగాలిలో, వాయుగుండం వస్తుందంటే హడావిడిగా ఒడ్డుకు తిరిగొచ్చే రోజుల్లో వాడుతున్నాం కాబట్టి షాపువాళ్లు చెప్పేది కాకుండా వాడకంలో తేలింది చెప్తాను.

రేడియో మీద మూతున్న ఎరుపు బటన్ చూసే ఉంటారు. మూత తీసి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే 70వ ఛానల్‌లో, అంటే 156.525 మెగాహెర్ట్జ్ మీద, మాట లేకుండా డేటా పోతుంది. అందులో మన బోటుని గుర్తుపట్టే తొమ్మిదంకెల ఎంఎంఎస్ఐ నంబరు, మనం ఉన్న చోటు, టైము ఉంటాయి. అవతలి నుంచి జవాబు వచ్చేదాకా రేడియో తనంతట తానే మళ్లీ మళ్లీ పంపుతుంది. జీపీఎస్ కలపకపోతే, చేత్తోనైనా ఎక్కించకపోతే, ఆ చోటు లేకుండానే పోతుంది. ఎవరో ఆపదలో ఉన్నారని విన్నవాళ్లకి తెలుస్తుంది, ఎక్కడున్నారో తెలియదు.

"మన పక్క బోట్లలో డీఎస్‌సీ లేదు గదన్నా, ఎవరు వింటారు?" అని హార్బర్‌లో చాలామంది అడుగుతారు. కృష్ణపట్నం పోర్టుకి వచ్చే పోయే ఓడల్ని చూడండి. 300 టన్నులు, అంతకు పైబడి విదేశాలకు తిరిగే సరుకు ఓడలన్నీ అంతర్జాతీయ నియమాల ప్రకారం 70వ ఛానల్‌ని ఎప్పుడూ వింటూ ఉండాలి. ఆ ఓడలో డ్యూటీలో ఉన్న ఆఫీసరుకి తెలుగు రాదు, బోటు నడిపే మా సరంగుకి ఇంగ్లీషు రాదు. డేటాకి భాషతో పని లేదు, అలారం మోగి మన చోటు వాళ్ల స్క్రీన్ మీద పడుతుంది. నాకు ఈ ఒక్క కారణం చాలు.

ఇక కలపడం. రెండూ ఒకే కంపెనీవి కానక్కర్లేదు. ఎన్‌ఎంఈఏ 0183 అనే, పరికరాలు ఒకదానికొకటి డేటా పంపుకునే పద్ధతి 1983 నుంచీ ఉంది, అది రెంటికీ ఉంటే ఐకామ్ రేడియోకి గార్మిన్ జీపీఎస్ కూడా కలుస్తుంది. ప్లాటర్ నుంచి డేటా బయటికొచ్చే తీగని రేడియోలో డేటా తీసుకునే ప్లస్ తీగకి, ప్లాటర్ మైనస్‌ని రేడియో మైనస్‌కి కలపాలి, అంతే. పేర్లు చూసి టీఎక్స్‌ని టీఎక్స్‌కే కలిపితే రెండూ పంపేవే అవుతాయి, వినేది ఉండదు. కొన్ని ప్లాటర్లలో విడిగా డేటా మైనస్ ఉండదు, అప్పుడు రేడియో డేటా మైనస్‌ని ప్లాటర్ గ్రౌండ్‌కి కలపాలి. తీగల రంగుల్ని మాత్రం నమ్మొద్దు. ఒక కంపెనీలో నీలం తీగ చేసే పని ఇంకో కంపెనీలో ఇంకో రంగు చేస్తుంది, మాన్యువల్‌లో ఉన్న పట్టిక చూసుకునే చెయ్యాలి.

చాలా బోట్లలో ఇది తీగ కలపడం రాక కాదు, జాయింటు పాడై చెడుతుంది. మాకు మొదట ఈ పని చేసిన ఎలక్ట్రీషియన్ తీగలు మెలేసి నల్ల టేపు చుట్టి వెళ్లిపోయాడు. ఒక సీజను బాగానే నడిచింది. తర్వాత రేడియో స్క్రీన్ మీద లాట్ లాంగ్ (మనమున్న చోటు అక్షాంశం, రేఖాంశం) ఉన్నట్టుండి మాయమవడం, బోటు ఒక పక్కకి ఒరిగితే మళ్లీ రావడం మొదలైంది. టేపు విప్పి చూస్తే లోపల రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి, వేలితో రుద్దితే పొడిపొడిగా రాలిపోయాయి. పైన టేపు మాత్రం కొత్తదానిలాగే ఉంది. వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 లోపు మొత్తం పీకేసి తగరం పూత ఉన్న మెరైన్ వైరు వేయించాం, టంకం పెట్టి లోపల జిగురుండే హీట్ ష్రింక్ ట్యూబు తొడిగాం, జాయింటుని కేబిన్ లోపలికి తెచ్చాం, నీళ్లు తీగ వెంట జారి జాయింటులోకి రాకుండా దానికి ముందే తీగని కిందికి ఒక వంపు తిప్పాం. ఆ తర్వాత ఇంతవరకు ఒక్కసారి కూడా లాట్ లాంగ్ పోలేదు.

సెట్టింగులు పెద్ద కష్టం కాదు. ప్లాటర్ పోర్టుని ఎన్‌ఎంఈఏ 0183 అని పెట్టి, డేటా వేగం రెండు వైపులా 4800 ఉండేలా చూడాలి. ఏఐఎస్ (చుట్టూ ఉన్న ఓడల్ని ప్లాటర్ మీద చూపించే పరికరం) ఉన్న బోట్లలో అది కలిపిన పోర్టు 38400లో ఉంటుంది, అందులో రేడియో తీగ పెడితే ఏమీ రాదు. టైము ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తే రేడియో చెడిపోయిందని కంగారుపడొద్దు, అది యూటీసీ, అంటే ప్రపంచమంతటా వాడే ప్రామాణిక టైము, మెనూలో 5:30 కలుపుకుంటే మన టైము వస్తుంది.

లాట్ లాంగ్ చూపించే తీరు గురించి మాత్రం గట్టిగా చెప్తున్నా. ప్లాటర్‌లో డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు పెట్టుకుని, రేడియోలో డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాలు ఉంటే టెన్షన్‌లో చదివేవాడు తికమక పడతాడు. 47.50 నిమిషాల్ని 47 నిమిషాల 50 సెకన్లుగా ఎవరైనా రాసుకున్నారంటే దాదాపు 600 మీటర్ల తేడా. రాత్రిపూట నీళ్లలో ఉన్న మనిషి తల 600 మీటర్ల దూరం నుంచి ఎవరికి కనపడుతుంది? రెంటిలోనూ నిమిషాల దశాంశాలే పెట్టుకోండి.

ఇంకొకటి. ఎరుపు బటన్ పంపే మామూలు సందేశంలో డిగ్రీలు, పూర్తి నిమిషాలే పోతాయి, దశాంశాలు పోవు. ఒక నిమిషం అక్షాంశం అంటే ఒక నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు. కాబట్టి బటన్ నొక్కి ఊరుకోకుండా వెంటనే ఆపద కబురు మాటల్లో చెప్పే 16వ ఛానల్‌కి వచ్చి స్క్రీన్ మీదున్న అంకెల్ని దశాంశాలతో సహా నిదానంగా రెండుసార్లు చదవాలి. మా బోటులో రేడియో పక్కన ఇది తెలుగులో రాసి అంటించాం, సరంగు లేకపోయినా కలాసీ చదవగలిగేలా.

తీగ కలిపాక రోజూ ఎక్కువగా వాడుకునేది మాత్రం వేరే ఉంది. మా బావ బోటులో కూడా డీఎస్‌సీ రేడియో ఉంది, అతని ఎంఎంఎస్ఐ నా రేడియోలో పేరుతో పెట్టుకున్నా. పొజిషన్ అడిగితే అతను మైకు ముట్టుకోకుండానే అతని చోటు నాకు వస్తుంది. ముందు రెండు మూడుసార్లు "బావా, ఏ పాయింట్ మీదున్నావు?" అని అరిచి, ఇంజను మోతలో సగం వినపడక, ఒక అంకె తప్పు రాసుకుని తిరిగేవాళ్లం. రేడియో బయటికి పంపే తీగని కూడా ప్లాటర్‌కి కలిపితే అతని బోటు మ్యాప్ మీదే గుర్తుగా పడుతుంది. చాలామంది ఈ రెండో తీగ వదిలేస్తారు, వదలొద్దు. పరిధి మాత్రం యాంటెన్నా ఎత్తుని బట్టే, చిన్న బోట్ల మధ్య ఎనిమిది పది నాటికల్ మైళ్లకి మించి ఆశపడకండి.

వీహెచ్ఎఫ్ యాంటెన్నా పక్కనే జీపీఎస్ యాంటెన్నా కట్టొద్దు. మైకు నొక్కి 25 వాట్లతో మాట్లాడుతుంటే మా ప్లాటర్ సిగ్నల్ పోగొట్టుకునేది, మీటరు పైన ఎడం చేశాక ఆగింది.

రేడియో బీప్‌మని "పొజిషన్ లేదు" అని చూపిస్తే విసుక్కుని బటన్ నొక్కి మాన్పించడం చాలా కేబిన్లలో చూశాను. అది మీ మంచికే అరుస్తోంది. నాలుగు గంటల పాటు కొత్త డేటా రాకపోతే హెచ్చరిస్తుంది, 23న్నర గంటలు దాటితే పాత చోటుని తుడిచేస్తుంది. పాత చోటు అంటే నిన్న వల వేసిన చోటు, ఇవాళ మనం అక్కడ ఉండం.

కొత్తగా కొనేవాళ్లకి ఇప్పుడు జీపీఎస్ లోపలే ఉన్న రేడియోలు దొరుకుతున్నాయి. ఫైబర్ కేబిన్ అయితే అది తీసుకోండి, ఇనుప కప్పు కింద అయితే ఆకాశం కనపడక సిగ్నల్ సరిగా అందకపోవచ్చు, తీగే మేలు. ఏది కొన్నా ఎంఎంఎస్ఐ ఎక్కించకపోతే డీఎస్‌సీ పనిచేయదు. మన దేశం నంబరు 419తో మొదలవుతుంది, బోటు పేరు మీద తీసుకోవాలి, పక్క బోటు నంబరు ఎక్కించకూడదు. ఒకసారి ఎక్కిస్తే చాలా రేడియోల్లో మనంతట మనం మార్చలేం, డీలరు దగ్గరికి పోవాల్సిందే, కాబట్టి కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో అంకె చూసి కొట్టండి.