బ్రష్ కట్టర్‌కి డబుల్ బెల్టు: కొనొచ్చా?

35 సీసీ బ్రష్ కట్టర్, అంటే గడ్డి కోసే మిషను, పెట్రోలుతో కలిపి ఎనిమిది కిలోలకి అటూ ఇటూగా తూగుతుంది. పెట్టెలో వచ్చే ఒంటి పట్టీ ఆ బరువంతా ఎడమ భుజానికే తగిలిస్తుంది. అరెకరం కొబ్బరి తోట కోసేసరికి మెడ పట్టేస్తుంది, చేతులు లాగేస్తాయి. రెండు భుజాలకీ, నడుముకీ బరువు పంచే డబుల్ బెల్టు విడిగా అమ్ముతారు, అది కొనాల్సిందే. కానీ బిగించడం తెలియకపోతే డబ్బు దండగ.

ముందు నడుము పట్టీ. బొడ్డు మీద కాదు, తుంటి ఎముకల మీద బిగించాలి. తర్వాత భుజాలవి, ఆఖర్న ఛాతీ బకిల్. చాలామంది భుజం పట్టీలే ముందు లాగేస్తారు. దాంతో నడుముది పైకి జరిగిపోయి బరువు మళ్ళీ భుజాల మీదే పడుతుంది. కుడిపక్క కొక్కెం తుంటికి బెత్తెడు కిందికి రావాలి.

అసలు కిటుకు మిషను పైపు మీద, బెల్టు కొక్కెం తగిలించే క్లాంపులో ఉంది. ఇంజను ఆపి, టాంకు సగం నింపి, మిషను తగిలించుకుని చేతులు వదిలేయండి. వైరు హెడ్ (బ్లేడు బదులు నైలాన్ వైరు తిరిగేది) అయితే నేలకి ఆనీ ఆననట్టుండాలి, బ్లేడయితే జానెడు ఎత్తున నిలవాలి. ముందుకి వాలిపోతోందా? అలెన్ బోల్టు వదులుచేసి క్లాంపుని హెడ్ వైపు అంగుళం జరపండి. పైకి లేస్తుంటే ఇంజను వైపు. సగం టాంకే ఎందుకంటే, పెట్రోలు తగ్గేకొద్దీ వెనక తేలికై ముందు భాగం దిగిపోతుంది. బ్లేడు తీసి వైరు వేసినప్పుడల్లా మళ్ళీ సరిచూసుకోవాలి.

భీమవరం వైపు చెరువు గట్ల మీద గడ్డి కోసేవాళ్ళు ఎర్ర పట్టీ లాగగానే మిషను ఊడిపడే రకమే తీసుకోండి. కాలు జారి నీళ్ళలో పడ్డాక బకిళ్ళు వెతుక్కునే టైముండదు. పని మొదలుపెట్టే ముందు ఓసారి లాగి చూడండి, మట్టి పట్టేస్తే ఊడదు. ఇంజను వీపున మోసే రకం మిషనయితే చేతులకి ఇంకా హాయే, కానీ మే నెలలో ఆ వేడి వీపుకి భరించడం కష్టం.

వేళ్ళు తిమ్మిరెక్కితే బెల్టుని తిట్టి లాభం లేదు. అది బరువు తగ్గిస్తుందే గాని వణుకు ఆపదు. మోడుకి తగిలి వంగిన బ్లేడో, ఓ పక్క పొట్టిగా తెగిన వైరో చూడండి.

లోపాలూ ఉన్నాయి. లోపలి స్పాంజి చెమట పీల్చి బరువెక్కుతుంది, ఉత్త నీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టాలి. అంతర్వేది దగ్గరి ఉప్పుగాలికి ఇనప కొక్కెం తుప్పు పట్టేస్తుంది. అటువైపు వాళ్ళు స్టీలుదే అడిగి తీసుకోండి.