తోకలో ఎక్కించాలా, రొమ్ములో పెంచాలా?

ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లలో ఏటా ఒకరిద్దరైనా ఇదే అడుగుతారు: "అక్కా, మెటాస్టాసిస్ చూడాలి. టెయిల్ వెయిన్‌లో ఇచ్చేస్తే సరిపోతుందా, ఆర్థోటోపిక్ చెయ్యాల్సిందేనా?" మెటాస్టాసిస్ అంటే క్యాన్సర్ పుట్టినచోటు నుంచి వేరే అవయవాలకు పాకడం. టెయిల్ వెయిన్ అంటే కణాలను ఎలుక తోక సిరలోకి ఎక్కించడం, ఆర్థోటోపిక్ అంటే ఆ క్యాన్సర్ పుట్టిన అవయవంలోనే పెట్టి పెంచడం. అడిగే తీరులోనే తెలిసిపోతుంది, సరిపోతుందని నేను అనాలని వాళ్ల ఆశ.

ఆశపడటంలో తప్పులేదు. ఎండీఏ-ఎంబీ-231 అనే మనిషి రొమ్ము క్యాన్సర్ కణాలను చిట్టెలుక తోక సిరలోకి ఎక్కిస్తే, గుండె కుడివైపు నుంచి నేరుగా వెళ్లి ఊపిరితిత్తుల కేశనాళికల్లో చిక్కుకుంటాయి. కొన్ని వారాలకల్లా గడ్డలు కనిపిస్తాయి. లూసిఫెరేజ్ (వెలుగు పుట్టించే ఎంజైమ్) ఉన్న కణాలైతే ఎలుకను కోయకుండానే వారం వారం వెలుగు కొలుచుకోవచ్చు. అన్ని ఎలుకలకూ ఒకే రోజు, ఒకే లెక్కన కణాలు పడతాయి కాబట్టి గ్రాఫులో ఎర్రర్ బార్లు (కొలతల్లో తేడా చూపే గీతలు) కూడా పొట్టిగా, ముద్దుగా ఉంటాయి. చేయి మాత్రం తిరగాలి. నా మొదటి బ్యాచ్‌లో కణాలను సరిగా విడదీయలేదు. ముద్దలు వెళ్లి ఊపిరితిత్తుల్లో అడ్డుపడి రెండు ఎలుకలు బల్ల మీదే పోయాయి. 40 మైక్రాన్ల జల్లెడ పట్టనిదే ఇప్పటికీ సిరంజి ముట్టుకోను.

ఇంతకీ ఈ పద్ధతిలో మనం కొలిచేది ఏమిటి? 1970లో క్యాన్సర్ పరిశోధకుడు ఐజయా ఫిడ్లర్ బీ16 మెలనోమా (ఒక చర్మ క్యాన్సర్) కణాలకు రేడియోధార్మిక గుర్తు పెట్టి ఎలుకల రక్తంలోకి వదిలాడు. ఒక్క రోజు గడిచేసరికి దాదాపు అన్నీ చచ్చాయి. చివరికి గడ్డలు కట్టినవి 0.1 శాతం లోపే. రక్తంలో పడ్డాక బతకడం, నాళం గోడ దాటడం, కొత్తచోట పెరగడం: టెయిల్ వెయిన్ చెప్పేది ఈ కథే. కణితిని వదిలి బయటపడటం, రక్తంలోకి చొరబడటం అందులో ఉండవు. ఆ పని సూదితో మనమే చేసి పెడుతున్నాం. పైగా 231 కణాలు మొదట్లోనే ఒకావిడ ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటి నుంచి తీసినవి, అంటే ఒకసారి ఇల్లు దాటి వచ్చినవే.

ఆర్థోటోపిక్‌లో అవే కణాలను మ్యామరీ ఫ్యాట్ ప్యాడ్‌లో, అంటే ఎలుక రొమ్ము కొవ్వులో పెడతాం. అక్కడ కణితి కట్టి, దానంతటదే చెదరాలి. రోగనిరోధక శక్తి తక్కువున్న న్యూడ్ ఎలుకల్లో ఎన్‌కే కణాలు (క్యాన్సర్ కణాలను చంపే రోగనిరోధక కణాలు) చురుగ్గా ఉంటాయి కాబట్టి చెదిరినవాటిలో చాలావాటిని అవే ఏరేస్తాయి. రోగనిరోధక శక్తి ఇంకా తక్కువున్న ఎన్‌ఎస్‌జీ ఎలుకల్లో ఆ కాపలా లేదు, వ్యాప్తి బాగా కనిపిస్తుంది.

అయితే నా దృష్టిలో తేల్చే విషయం కణాలను ఎక్కడ పెట్టామన్నది కాదు, ప్రైమరీని, అంటే మొదట కట్టిన కణితిని తీసేశామా లేదా అన్నది. తీయకపోతే రెండు చిక్కులు. ఊపిరితిత్తుల్లో గడ్డలు ఎదిగేలోపే ప్రైమరీ అనుమతించిన సైజు దాటుతుంది, ఎలుకను చంపాల్సి వస్తుంది. రెండోది ఇంకా మోసకారి. మందు ఇచ్చాం, ప్రైమరీ చిన్నదైంది, మెటాస్టాసిస్ తగ్గింది. మందు వ్యాప్తిని ఆపిందా, లేక చెదరడానికి కణాలే తక్కువయ్యాయా? ఆ డేటాతో ఎంత కొట్టుకున్నా తేలదు. అదే ప్రైమరీ ఒక సైజుకు రాగానే కోసేసి, కుట్లు వేసి, ఆ తర్వాత మందు మొదలుపెడితే, అప్పటికే చెదిరి కూర్చున్న కణాల మీద అది ఏం చేస్తుందో విడిగా కనిపిస్తుంది. రొమ్ము క్యాన్సర్ రోగుల్లో చాలామందికి జరిగేదీ ఇదే కదా. ముందు ఆపరేషన్, ఎప్పుడో తర్వాత ఎముకలోనో కాలేయంలోనో తేలడం.

2009లో క్యాన్సర్ పరిశోధకుడు కెర్బెల్ బృందం చూపించింది గుర్తు చేసుకోండి. సునిటినిబ్ (కణితికి రక్తనాళాలు పెరగకుండా అడ్డుకునే మందు) ఫ్యాట్ ప్యాడ్‌లో ఉన్న కణితిని అణిచింది. ప్రైమరీ తీసేశాక కొద్దిరోజులే ఇచ్చినప్పుడు మాత్రం మెటాస్టాసిస్‌ను ఎగదోసింది. నిజం చెప్పాలంటే, సిరలో కణాలెక్కించిన ఎలుకల్లోనూ అదే తేలింది. కాబట్టి టెయిల్ వెయిన్‌ను తీసిపారేయలేం.

సర్జరీ సులువని అనను. అంచులో కాస్త మిగిలినా కణితి మళ్లీ అక్కడే లేస్తుంది, ఆ ఎలుక లెక్కలోంచి పోయినట్టే. కొన్నింటికి అసలు వ్యాప్తే రాదు. అందుకని గ్రూపుకు ఎలుకలు ఎక్కువ కావాలి, నెలలు పడుతుంది, నొప్పి మందులు తప్పనిసరి.

మిగతావి క్లుప్తంగా. చర్మం కింద పెట్టినవి చాలావరకు చెదరవు, వదిలేయండి. ఎముక, మెదడు కావాలంటే గుండె ఎడమ జఠరికలో ఇవ్వండి. పీడీఎక్స్ (రోగి కణితి ముక్కను నేరుగా ఎలుకలో పెంచడం) రోగి కణితికి దగ్గరే, కానీ ఎలుకలో పట్టుకోవడానికే నెలలు, పైగా పాసేజీలు (ఎలుక నుంచి ఎలుకకు మార్చడాలు) గడిచేకొద్దీ స్ట్రోమా, అంటే కణితి చుట్టూ ఉండే ఆధార కణజాలం, ఎలుకదైపోతుంది. ఇమ్యునోథెరపీ ప్రశ్నైతే టీ కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) లేని ఈ ఎలుకలేవీ పనికిరావు, 4టీ1, పీవైఎంటీ లాంటి ఎలుక రొమ్ము కణితుల మోడళ్లకు వెళ్లండి. అవి మనిషి కణితులు కావు, అంతే.

మొన్న అడిగిన అమ్మాయికి, తను చూస్తున్న జీన్ కణాలు నాళం గోడ దాటే దశలో పనిచేస్తుందని అనుమానం. తనను టెయిల్ వెయిన్‌తోనే మొదలుపెట్టమన్నాను. కానీ ఎథిక్స్ కమిటీకి ఇచ్చే ఫారంలో సర్జరీ కూడా ఇప్పుడే రాయించాను. రివ్యూయర్ అడిగాక చేర్చాలంటే మళ్లీ అనుమతి కోసం కూర్చోవాలి.