పాత మాసీ ట్రాక్టర్లు కొనేవాళ్లు జాగ్రత్త: చూపించే ఇంజన్ ఒకటి, పంపించేది ఇంకొకటి

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు, ఇప్పుడే రాసేస్తున్నాను. విజయనగరం వైపు రేకుల షెడ్డులో పాత ట్రాక్టర్లు అమ్మే ఆయన మీలో చాలామందికి తెలుసు. పోలీసు ఫిర్యాదు ఇవ్వబోతున్నాను కాబట్టి పేరు రాయడం లేదు.

బండి మాసీ ఫెర్గూసన్ 35. మన మద్రాసులో తయారైన మాసీ 1035 కాదు, ఇంగ్లండ్ నుంచి దిగిన బండి. ఒకప్పుడు భీమసింగి చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలిందట. లక్షా నలభై వేలకు బేరం కుదిరింది, డబ్బు మొత్తం కట్టేశాను. రేటు దగ్గర నాకు గొడవ లేదు. నేను కొన్నదే అందులోని పెర్కిన్స్ ఇంజన్ కోసం.

ఎందుకంటే, 35 డీజిల్‌కి మొదట్లో స్టాండర్డ్ అనే కంపెనీ నాలుగు సిలిండర్ల ఇంజన్ ఉండేది. చలికి స్టార్ట్ అవ్వదని దానికి చెడ్డపేరు. 1959లో మాసీ వాళ్లు ఇంజన్లు చేసే పెర్కిన్స్ కంపెనీనే కొనేసి, మూడు సిలిండర్ల రెండున్నర లీటర్ల పెర్కిన్స్‌ని ఇందులో పెట్టారు. బండికి పేరొచ్చింది దానితోనే. 1960లో మద్రాసులో మాసీ ట్రాక్టర్లు చెయ్యడానికి టాఫే కంపెనీ మొదలైంది. అక్కడి 1035లకు వచ్చిన సింప్సన్ ఇంజన్ కూడా ఆ పెర్కిన్స్ డిజైన్‌లోంచి పుట్టిందే. అందుకే పైపైన చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. నాకు అంటగట్టింది ఆ సింప్సన్‌నే. సింప్సన్‌ని నేను తక్కువ చేయడం లేదు, దమ్ము చెయ్యడానికి బంగారం లాంటి ఇంజన్. కానీ అరవై ఏళ్లుగా ఒకే బాడీలో ఉన్న, పెర్కిన్స్ వాళ్ల ఊరు పీటర్‌బరోలో పుట్టిన ఇంజన్‌ని తీసేస్తే ఇక ఆ బండిలో నిలబెట్టడానికి ఏం మిగులుతుంది?

బండితో లారీ సాయంత్రం మా నరసన్నపేట వచ్చింది. బానెట్ ఎత్తగానే అనుమానం వచ్చింది. బండంతా తుప్పు, ఇంజన్‌ని గేర్‌బాక్స్‌కి బిగించిన బోల్టులు మాత్రం తళతళా మెరుస్తున్నాయి, తలల మీద స్పానర్ గీతలు పచ్చిగా ఉన్నాయి. ఇంజన్ బ్లాక్ మీద వేలు పెడితే బూడిద రంగు అంటుకుంది. పెయింట్ ఇంకా ఆరనే లేదు. చూడ్డానికి వెళ్లిన రోజు ఇంజన్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకున్నాను. దాన్ని పక్కన పెట్టి చూస్తే ఒక్క అంకె కూడా కలవలేదు. నంబరున్న చోట గ్రైండర్ గీతలు, వాటి మీద వంకరటింకరగా కొత్త పంచింగు.

లారీ డ్రైవరు, మా మెకానిక్ ఎదురుగానే ఫోన్ చేశాను. "అన్నా, ఇంజన్ మారిపోయింది" అన్నాను. ఆయన కనీసం తడబడలేదు. "పాతది పొగ కొడతంది తమ్ముడూ, నీకు మేలే చేసినాను. బండి తిరుగుతందా లేదా? పాత ఇనుముకి ఇంత గోలేటి?" అన్నాడు. నా ఇంజన్ నాకు పంపండి, లారీ ఖర్చు నేనే పెట్టుకుంటానని బతిమాలాను. "నువ్వు సూసిన ఇంజన్ అదేనని సాక్ష్యం ఏటి?" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే నంబరు బ్లాక్. మోసం కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కాలుస్తోంది. ఆ షెడ్డులో అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇప్పించి, "నీలాంటోడి చేతిలో పడితే ఈ బండికి మోక్షం" అన్నది ఈ నోరే.

ఇప్పుడు ఇంకో తలనొప్పి. ఆర్సీలో ఒక ఇంజన్ నంబరు, బండి మీద ఇంకొకటి. బండి పేరు మార్చుకునే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకున్నా, ఈ తేడాతో ఆర్టీవో ఆఫీసులో బదిలీ ఎలా అవుతుంది?

కొనబోయేవాళ్లు ఇంజన్, ఛాసిస్ నంబర్ల పెన్సిల్ అచ్చు తీసి, దాని మీదే అమ్మేవాడి సంతకం తీసుకోండి. డబ్బు మొత్తం కట్టి బండిని వాడి షెడ్డులో వదిలి రావద్దు. లారీ ఎక్కించేటప్పుడు మీరే దగ్గరుండండి.

ఇక నా ఇంజన్ సంగతి. మూడు సిలిండర్లు, సీఏవీ కంపెనీ డీజిల్ పంపు, బ్లాక్ మీద ఎడమ పక్క అర్ధరూపాయి అంత గ్యాస్ వెల్డింగ్ మచ్చ. రాజాం, బొబ్బిలి, చీపురుపల్లి లేత్ షాపుల్లో గానీ పాత ఇనుము కొట్లలో గానీ కనిపిస్తే, తూకానికి పోకముందే కాస్త ఆపించి నాకు చెప్పండి. ఏ రాత్రయినా బయల్దేరి వస్తాను.