రోడ్డు పని దగ్గర వేగానికి కళ్లెం: పోలీసు కారు మేలా, కెమెరా బండి మేలా?

పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్ నుంచి యార్క్ మీదుగా మేరీలాండ్‌లోని బాల్టిమోర్ దాకా వెళ్లే ఐ-83 మీద తరచూ తిరిగే తెలుగువాళ్లకి ఈ తేడా తెలిసే ఉంటుంది. రోడ్డు ఒకటే, రాష్ట్రాలు రెండు, చట్టాలూ రెండు. రోడ్డు పని ఉందని చెప్పే నారింజ రంగు డ్రమ్ములు కనబడగానే అందరి కళ్లూ వెతికేది మాత్రం ఒకటే: పక్కన ఆగి ఉన్నది పోలీసు కారా, వేగం కొలిచి ఫోటో తీసి ఇంటికి ఉత్తరం పంపించే కెమెరా బండా?

ఈ కాపలా అంతా పనివాళ్ల కోసమేనని చాలామంది అనుకుంటారు. 2022లో అమెరికా మొత్తం మీద రోడ్డు పనులు జరిగే చోట్ల 891 మంది చనిపోతే, వాళ్లలో ఇంచుమించు ఐదింట నాలుగు వంతులు బండ్లు నడిపేవాళ్లు, వాటిలో కూర్చున్నవాళ్లే. లేన్ మూసేశాక ముందు బండ్లు బారులు తీరి ఆగిపోతాయి. వెనక నుంచి అదే ఊపులో వచ్చే లారీకి ఆ బారు తోక కనబడేసరికి ఆలస్యమైపోతుంది. గంటకి 55 మైళ్ల దగ్గర బ్రేకు వేస్తే ఆగడానికి పట్టే దూరం, 70 దగ్గర దాదాపు 60 శాతం పెరుగుతుంది.

ముందు పోలీసు కారు సంగతి. లైట్లు వెలిగించి ఊరికే నిలబెట్టినా దాని ప్రభావం ఆ క్షణంలోనే కనిపిస్తుంది. అరమైలు దూరం నుంచే కాళ్లు బ్రేకు మీదికి పోతాయి. ఇంకో పెద్ద సౌకర్యం, అది కదులుతుంది. బారు పెరిగేకొద్దీ పోలీసు వెనక్కి జరిగి తోకకి కాపలా కాయొచ్చు. కెమెరా బండి మాత్రం పెట్టిన చోటే ఉంటుంది, బారు దాన్ని ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

కానీ ఆ పోలీసే లైట్లు వేసుకుని ఒకడి వెంట పడ్డాడంటే లెక్క మారిపోతుంది. పని జరిగే చోట పక్కన బండి ఆపుకునే షోల్డరే (రోడ్డు అంచు) ఉండదు, ఒకవైపు కాంక్రీటు గోడ, మరోవైపు డ్రమ్ములు. ఎక్కడ ఆపుతాడు? ఆపినా, ఒక చలానా రాసే లోపు వందల బండ్లు పక్కనుంచి దూసుకుపోతాయి. పైగా అక్కడ నిలబడ్డ పోలీసు ప్రాణానికీ పూచీ లేదు. పెన్సిల్వేనియా పోలీసులు దీనికో ఉపాయం పట్టారు. ఒక ట్రూపర్ (రాష్ట్ర పోలీసు) రోడ్డు పనివాళ్ల బండిలోనే కూర్చుని వేగం కొలుస్తాడు, రేడియోలో చెప్తాడు, పని దాటిన తర్వాత విశాలమైన చోట మరో ట్రూపర్ ఆపుతాడు. దాని పేరు ఆపరేషన్ ఆరెంజ్ స్క్వీజ్. పేరు నారింజపండు పిండినట్టే ఉన్నా ఆలోచన బాగుంది. అయితే ఒక్క బండిని పట్టుకోవడానికి ఇంతమందిని రోజూ ఎవరు పెడతారు?

పోలీసు చేతికి చిక్కితే శిక్ష కూడా ఘాటుగానే ఉంటుంది. పెన్సిల్వేనియాలో పని నడుస్తున్న చోట పరిమితికి 11 మైళ్లు, ఆపైన పోతూ దొరికితే 15 రోజులు లైసెన్సు పోతుంది. లైసెన్సు మీద తప్పుల లెక్కగా పడే పాయింట్లు, వాటి వెనకే ఇన్సూరెన్సు పెంపు సరేసరి.

అదే నేరానికి కెమెరా బండి ఏం చేస్తుందో చూడండి. మొదటిసారి ఒక హెచ్చరిక ఉత్తరం. రెండోసారి 75 డాలర్లు, మూడోసారి నుంచి 150. పాయింట్లు లేవు. ఉత్తరం వెళ్లేది నడిపినవాడికి కాదు, బండి ఎవరి పేరున ఉంటే వాళ్లకి. కొడుకు తొక్కిన యాక్సిలరేటర్‌కి నాన్నకి ఉత్తరం! ఈ కెమెరాలు 2020 మార్చిలో పని మొదలుపెట్టాయి, 2023 చివర్లో చట్టాన్ని శాశ్వతం చేశారు. పనివాళ్లు ఉన్నప్పుడే కెమెరా పని చేయాలి, ముందుగా బోర్డు పెట్టాలి. న్యాయంగానే ఉంది. లోపం ఒక్కటే. ఉత్తరం వచ్చేది తర్వాతెప్పుడో, ఈ రాత్రి దూసుకొచ్చేవాడిని అది ఈ రాత్రి ఆపదు. కానీ దానికి అలసట లేదు, ఓవర్‌టైమ్ లేదు, ఎవరినీ ఆపక్కర్లేదు. దాటిన ప్రతి బండినీ చూస్తుంది. ఆ దారిన రోజూ పోయేవాళ్లు కొన్నాళ్లకి దారికొస్తారు.

మేరీలాండ్ మొదట్లో మెత్తగా ఉండేది. 12 మైళ్లు మించితే ఎంత మించినా 40 డాలర్లే. టోల్ కట్టినట్టు కట్టేసి పోయేవాళ్లు ఉండేవారు. 2023 మార్చి 22న బాల్టిమోర్ చుట్టూ తిరిగే ఐ-695 మీద ఒక కారు గోడల మధ్య సందులోంచి పని జరిగే చోటికి దూసుకెళ్లి ఆరుగురు పనివాళ్లని బలి తీసుకుంది. ఆ తర్వాతే కొత్త చట్టం వచ్చింది. 2025 జనవరి నుంచి వేగాన్ని బట్టి 60 డాలర్ల నుంచి 500 దాకా, పనివాళ్లు ఉంటే దానికి రెట్టింపు. అయితే ఆ రోజు కారు వంద మైళ్లు దాటిన వేగంలో ఉంది. అలాంటివాడికి కెమెరా ఒకటే, పోలీసు కారు ఒకటే. అక్కడ ఆరుగురినీ కాపాడగలిగేది ఏదైనా ఉంటే అది సందు లేని గోడే. వేగం మీద చర్చలో ఈ మాట ఎప్పుడూ వెనక్కి పోతుంది.

'మీ వేగం ఇంత' అని మెరిసే బోర్డులున్నాయి. చవక, పెట్టడం తేలిక. వెనక చలానా లేదని తెలిశాక చాలామంది పట్టించుకోరు.

మన దగ్గర హైవే వెడల్పు చేసే చోట్ల ఇంత చర్చకి అవకాశమే లేదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 183 సెక్షన్ కింద అతివేగానికి కారుకి వెయ్యి నుంచి రెండు వేలు, లారీలకి, బస్సులకి రెండు నుంచి నాలుగు వేలు. అక్కడ పని జరుగుతోందా లేదా అన్నది ఆ సెక్షన్ చూడదు. డైవర్షన్ దగ్గర ఎర్ర జెండా ఊపే మనిషికి రేడియం జాకెట్ దొరికితే అదే పెద్ద రక్షణ.

నన్నడిగితే, ఒక రాత్రి లేన్ మూసి తారు వేసే పనికి పోలీసు కారే కావాలి. అదీ పని దగ్గర కాదు, బారు తోక వెనక, లైట్లు వేసి, ఎవరినీ తరమకుండా. నెలల తరబడి గోడలు కట్టి చేసే వంతెన పనికి కెమెరా. జరిమానా మేరీలాండ్‌ది, మొదటి హెచ్చరిక ఉత్తరం పెన్సిల్వేనియాది తీసుకుంటే ఇంకా బాగుంటుంది. ప్రస్తుతానికి మాత్రం, ఐ-83 మీద దక్షిణానికి పోతూ సరిహద్దు దాటాక నీలం లైట్లు మెరిసే కెమెరా బండి కనబడితే, పనివాళ్లు అక్కడే ఉన్నారని అర్థం. ఆ రాష్ట్రంలో మొదటి ఉత్తరమే బిల్లు.