పిల్లల కథ: పత్రికకు పంపాలా, సొంతంగా పుస్తకం వేసుకోవాలా?

కొత్తగా రాస్తున్నవాళ్లు ముందు పత్రికలకే పంపాలని నా అభిప్రాయం. 1947లో మొదలైన చందమామ ఇప్పుడు లేదు, అయినా దినపత్రికల ఆదివారం అనుబంధాల్లో, పిల్లల పేజీల్లో చిన్న కథకు ఇంకా చోటుంది. పారితోషికం తక్కువే, కొన్నిచోట్ల అసలు ఉండదు, జవాబు కోసం నెలల తరబడి ఆగాల్సి రావచ్చు. కానీ ఒక్క పేజీలో పట్టేలా కుదించి రాయడంలోనే పని పట్టుబడుతుంది: "అనగనగా ఒక అడవిలో జంతువులన్నీ కలసిమెలసి ఉండేవి" అన్న వాక్యం కొట్టేసి, "కుందేలు కాలికి ముల్లు గుచ్చుకుంది" అని ఎత్తుకుంటే పిల్లలు వెంటనే దగ్గరికి జరుగుతారు.

సొంత పుస్తకమైతే ధర, హక్కులు మన చేతిలో ఉంటాయి. ఖర్చూ మనదే. బొమ్మలు వేసినవారికి ఇవ్వాలి, రంగుల్లో అచ్చువేయించాలి, షాపు కమీషన్ పోవాలి, కాపీలు తక్కువ వేస్తే ఒక్కోదాని ఖరీదు పెరిగిపోతుంది. హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో స్టాల్ దగ్గర మీరే నిలబడి అమ్మగలిగితే మేలు, డబ్బులిచ్చేది అమ్మానాన్నలే అయినా ఏ బొమ్మ దగ్గర పిల్లలు ఆగుతున్నారో కళ్లారా చూడొచ్చు. పత్రికల్లో ఓ పది కథలు వచ్చాక దీనికి దిగండి, ఆ కథల్ని పుస్తకంగా వేసుకునే హక్కు మీకే ఉంటుందని పత్రికవాళ్లతో ముందే రాయించుకోండి.