విశ్రాంత జీవితంలో ఆరోగ్య పరీక్షలు: ఏడాదికోసారి పెద్ద ప్యాకేజీయా, ఒకే డాక్టరు దగ్గర చిన్న పరీక్షలా? ఏది మేలు?

ఉద్యోగ విరమణ చేసిన మిత్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఏడాదికోసారి ల్యాబుకు వెళ్లి ఫుల్ బాడీ చెకప్ పేరుతో అన్ని పరీక్షలూ ఒకేసారి చేయించుకోవడం మేలా, తెలిసిన డాక్టరు దగ్గరికే కొన్ని నెలలకోసారి వెళ్లి, అవసరమని రాసిచ్చిన రెండు మూడు పరీక్షలతో సరిపెట్టుకోవడం మేలా? నా మొగ్గు రెండోదాని వైపే. అయినా మొదటిదానికీ చెప్పుకోదగిన గుణాలు ఉన్నాయి కాబట్టి వాటితోనే మొదలుపెడతాను.

ప్యాకేజీలో పని ఒక్క ఉదయంతో ముగుస్తుంది. ఏళ్ల తరబడి డాక్టరు గడప తొక్కనివారికి బీపీ, షుగర్, కిడ్నీ సమస్య వంటివి, లక్షణాలు లేకుండా లోలోపల ముదిరేవి, కనీసం ఆ విధంగానైనా బయటపడతాయి. చిక్కంతా పరీక్షల సంఖ్య పెరిగేకొద్దీ భరోసా కూడా పెరుగుతుందనుకోవడంలో ఉంది. రిపోర్టులో పక్కన ముద్రించే నార్మల్ రేంజి సాధారణంగా ఆరోగ్యవంతులైన నూరుమందిలో 95 మంది విలువలు ఇమిడే హద్దు. అంటే ఏ జబ్బూ లేని మిగతా అయిదుగురి విలువలు ఆ హద్దు దాటే ఉంటాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయిస్తే, పూర్తి ఆరోగ్యవంతుడికి సైతం కనీసం ఒక్క విలువైనా గీత దాటే అవకాశం దాదాపు 64 శాతం. ఆ ఒక్క గుర్తు చూసి నిద్ర పట్టక, మళ్లీ పరీక్ష, ఆపై స్కానింగ్, చివరికి ఏమీ లేదన్న మాట వినేదాకా గడిపే వారాలు చాలామందికి అనుభవమే. సీఈఏ, సీఏ-125 వంటి క్యాన్సర్ మార్కర్లు (కొన్ని క్యాన్సర్లలో రక్తంలో పెరిగే పదార్థాలు) చేర్చిన ప్యాకేజీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. క్యాన్సర్ కాని కారణాలతోనూ అవి పెరుగుతాయి, లక్షణాలేవీ లేనివారికి వాటిని జల్లెడ పరీక్షగా వైద్యులు సిఫారసు చేయరు. రెండున్నర లక్షల మంది పాల్గొన్న ప్రయోగాలను కలిపి పరిశీలించి 2019లో కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష కూడా, ఇటువంటి సాధారణ చెకప్‌ల వల్ల మరణాలు తగ్గినట్టు కనబడలేదనే తేల్చింది.

ఇక అసలు తేడా ఎక్కడుందంటే, పాత విలువను కొత్త విలువ పక్కన పెట్టి చూసే మనిషి ఒకరు ఉండడంలో. నిరుడు 15.2 ఉన్న ఒక పురుషుడి హిమోగ్లోబిన్ ఈ ఏడు 13.4కు దిగిందనుకుందాం. పురుషులకు 13 కంటే తగ్గితేనే రక్తహీనత అంటారు కనుక రిపోర్టులో ఎర్ర గుర్తేదీ పడకపోవచ్చు. నిరుటి కాగితం ఎదుట ఉన్న డాక్టరు మాత్రం మలం నల్లగా వస్తోందా, మోకాళ్ల నొప్పికి మాత్రలు ఏమైనా వాడుతున్నారా అని తప్పక అడుగుతారు, ఎందుకంటే పేగుల్లోనో కడుపులోనో కొద్దికొద్దిగా రక్తం పోతున్నదేమోనన్న అనుమానం ఆ తగ్గుదలలోనే ఉంది. కిడ్నీల పనితీరును తెలిపే క్రియాటినిన్ 0.8 నుంచి 1.2కు చేరడం కూడా అటువంటిదే: చాలా ల్యాబుల లెక్కలో రెండూ మామూలే, కానీ అదే మనిషి కిడ్నీల విషయంలో ఆ పెరుగుదల చిన్నది కాదు. ప్రయత్నించకుండానే ఆరు నెలల నుంచి ఏడాది లోపు బరువు 5 శాతం తగ్గడాన్ని పట్టుకోవడానికి తూకపు యంత్రమూ పాత అంకే చాలు. అందుకే ల్యాబును ఊరికే మార్చవద్దు, ఒక్కో ల్యాబులో యంత్రమూ పద్ధతీ వేరు కావడం వల్ల విలువలు కొంత తేడాగా వస్తాయి. రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒకే ఫైలులో ఉంచుకుని, ప్రతిసారీ వెంట తీసుకువెళ్లాలి.

ఈ పోలికకు ల్యాబు కాగితాలంత పనికొచ్చేది రోజువారీ వ్యాపకం. ఎలా ఉన్నారని డాక్టరు అడిగితే అందరం బాగానే ఉన్నామంటాం, ఆ జవాబుతో వైద్యం ముందుకు సాగదు. రోజూ ఒకే దారిలో నడిచే మనిషి అయితే, కిందటి నెల ఆగకుండా ఎక్కిన వాలును ఇప్పుడు రెండుసార్లు ఆగి ఎక్కుతున్నానని చెప్పగలడు. గుండె గురించో రక్తహీనత గురించో ఆలోచించడానికి డాక్టరుకు ఆ ఒక్క వాక్యం చాలు. మొక్కల పనిలో వంగి లేచినప్పుడు కళ్లు తిరుగుతున్నాయంటే, నిలబడిన మూడు నిమిషాల లోపు పైఅంకె బీపీ 20 లేదా అంతకంటే ఎక్కువ పడిపోతోందేమో చూడాలి, బీపీ మాత్రల మోతాదు మార్చవలసి రావచ్చు. కుట్టుపని చేసేవారికి సూదిలో దారం ఎక్కించడం కొత్తగా కష్టమైతే చూపునో చేతి వణుకునో గమనించే అవకాశం దొరుకుతుంది. పుస్తకంలో తిన్నని వరుసలు వంకరగా కనిపిస్తే కంటి డాక్టరును వెంటనే కలవాలి, అది రెటీనా మధ్యభాగం దెబ్బతింటున్న సూచన కావచ్చు. కూర్చుని చేసే వ్యాపకాలను తక్కువ చేయను గానీ, వాటితోపాటు ఒళ్లు కదిలేది ఒకటి తప్పనిసరిగా ఉండాలని నా అభిప్రాయం. 65 దాటినవారు వారానికి కనీసం మూడు రోజులు శరీరం నిలకడకు, బలానికి సంబంధించిన వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇంట్లో బీపీ యంత్రం ఉంచుకోవడం డాక్టరుకు బదులు కాలేదు, తోడు మాత్రం అవుతుంది. పట్టీని మణికట్టుకు కాకుండా పైచేతికి చుట్టేదే కొనండి. అయిదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, కాళ్లు ఒకదానిపై ఒకటి వేయకుండా, మాట్లాడకుండా కూర్చుని, చేయి గుండె ఎత్తులో ఉంచి, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఇంట్లో తరచూ 135/85 దాటుతుంటే డాక్టరుకు చూపించాలి. డాక్టరు ఎదుట మాత్రమే బీపీ పెరిగేవారికి ఈ పుస్తకం అనవసరపు మందులను తప్పిస్తుంది.

స్మార్ట్ వాచీలు నడకను లెక్కించడానికి బాగుంటాయి. నాడి లయ తప్పిందని చెబితే ఈసీజీతో నిర్ధారించుకోవాలి. ఉచిత శిబిరాలు బీపీ, షుగర్ చూపించుకోవడం వరకే.

ఏ దారి ఎంచుకున్నా కంటి పరీక్ష, వినికిడి పరీక్ష, మహిళలకు 65 దాటాక ఎముకల సాంద్రత పరీక్ష విడిగా అడిగి చేయించుకోవాలి, రక్తపరీక్షల్లో ఇవేవీ తెలియవు. ఒకే డాక్టరును ఎప్పుడూ కలిసే వీలు లేనివారు ప్యాకేజీనే తీసుకోవచ్చు, అయితే అందులో చిన్నదాన్ని ఎంచుకుని, ఏటా అదే ల్యాబులో చేయించి, పాత రిపోర్టులతో సహా ఎవరో ఒక డాక్టరుకు చూపించిన తర్వాతే ఆ ఏటి చెకప్ పూర్తయినట్టు లెక్క వేసుకోవాలి.