నరసాపురం లేసుతో ‘మిస్ వరల్డ్’ గౌను: అల్లిక బాగుంది, కొలత తప్పింది

2025 మే 31న హైదరాబాదు హైటెక్స్‌లో 72వ మిస్ వరల్డ్ పోటీ ముగిసింది మొదలు మా గోదావరి జిల్లాల దర్జీ దుకాణాల్లో ‘మిస్ వరల్డ్ మోడల్’ అనే మాట తరచుగా వినబడుతోంది. పాలకొల్లులో ఒక దుకాణం వారైతే గాజు తలుపు మీద ఆ మాటనే రాయించి, లోపల టీవీలో ఆనాటి తుది పోటీని రోజంతా తిప్పి తిప్పి వేస్తున్నారు. భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా చెల్లెలి కూతురు కళాశాల వార్షికోత్సవంలో జరిగే అందాల పోటీకి పేరిచ్చి, “పెద్దమ్మా, నాకు ఓపల్ వేసుకున్నలాంటి గౌనే కావాలి” అని పట్టుబట్టడంతో నేనూ ఆ మెట్లెక్కాను.

ఓపల్ అంటే ఆ ఏడాది కిరీటం గెలిచిన థాయిలాండ్ యువతి ఓపల్ సుచాతా చువాంగ్‌శ్రీ. ఆ దేశానికి మిస్ వరల్డ్ కిరీటం దక్కడం అదే మొదటిసారి. తుది వేదిక మీద ఆమె వేసుకున్న తెల్లని గౌను నిండా ఒపల్ రాయిలా మెరిసే పూల అలంకరణ ఉంది. దుకాణం యజమానురాలు టీవీ వైపు చూపిస్తూ “గౌనే గెలిపించిందండి ఆవిడని” అన్నారు గాని, ఆ మాటను నేను ఒప్పుకోలేకపోయాను. నూటికి పైగా దేశాల నుంచి వచ్చిన అమ్మాయిలు దాదాపు నెల రోజులు తెలంగాణలో ఉండి, క్రీడలు, ప్రతిభ, సంభాషణ, సేవా కార్యక్రమం వంటి విడి విడి పరీక్షలు దాటిన తరువాతే ఆ రాత్రి దాకా వచ్చారు. పదహారేళ్ళ వయసులో తన రొమ్ములో గడ్డ తీయించుకున్న ఓపల్, రొమ్ము క్యాన్సరు మీద అవగాహన పెంచడమే తన సేవగా ఎంచుకుంది. పైగా చివరి నలుగురినీ ఖండానికొకరు చొప్పున తీసుకున్నారు కాబట్టి థాయిలాండ్‌తో పాటు ఇథియోపియా, పోలండ్, మార్టినీక్ మిగిలాయి. మన దేశం తరఫున నిలిచిన నందినీ గుప్తా ప్రయాణం మొదటి ఇరవై మందితోనే ఆగింది. ఇంత తతంగాన్ని ఒక్క గౌను మీద వేయడం వ్యాపారం మాట.

అయితే ఆ దుకాణంలో అసలైన విలువ లేసుది. ఒపల్ రాళ్ళ మెరుపు మాకెలాగూ కుదరదు కాబట్టి, పూలను నరసాపురం లేసుతో చేయించమని నేనే అడిగాను. స్కాట్లాండు మిషనరీ దంపతుల ద్వారా 19వ శతాబ్దంలో ఈ ప్రాంతానికి వచ్చి, ఇప్పటికీ ఊళ్ళలో ఆడవాళ్ళు వంటపని ముగిశాక అరుగు మీద కూర్చుని ఒకే ఒక్క కొక్కెం సూదితో అల్లే ఈ పనికి 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు కూడా వచ్చింది. మాకు వచ్చిన అల్లికలో ఏ రెండు పూలూ అచ్చంగా ఒకేలా లేవు. ఒకదాని రేకులు కాస్త బిగువుగా, ఇంకొకదానివి కాస్త విప్పారినట్టుగా ఉన్నాయి. వేరువేరు చేతులు అల్లిన పూలను కలిపే అతుకుపని ఎంత నేర్పుగా ఉందంటే, వేలితో తడిమితే తప్ప అతుకు ఎక్కడుందో కనిపించలేదు. ఈ లేసుకు ఆరున్నర వేలు తీసుకున్నారు, ఆ సొమ్ములో అల్లిన చేతులకు ఎంత చేరిందో అని ఇంటికి వచ్చాక కూడా ఆలోచించాను. మొత్తం గౌను పదహారు వేలు, అందులో ఆరు వేలు ముందే కట్టాము.

చిక్కంతా కుట్టులో వచ్చింది. కొలతలు తీసుకునే రోజు మా అమ్మాయి మామూలు చెప్పులతో వెళ్ళి, వాటిని గుమ్మం దగ్గర వదిలి నిలబడింది. హీల్స్ సంగతి నేను ఎత్తితే, “పర్లేదండి, అందాజాగా వదిలేస్తామండి” అన్నారు. వదిలింది రెండంగుళాలు, ఆమె వేసుకోబోయే హీల్స్ నాలుగంగుళాలు. ట్రయల్ రోజున ముందు అంచు చీలమండల పైనే ఆగిపోయి చెప్పుల పట్టీలు కనబడ్డాయి. పోటీల్లో నడిచేవారి గౌను ముందు అంచు నేలకు తగిలీ తగలనట్టు ఉంటుంది, నడిచేటప్పుడు వారు కాలి కొనతో దాన్ని మెల్లగా ముందుకు తోస్తూ అడుగు వేస్తారు. ఆ టీవీలో రోజంతా నడుస్తున్నదే అది.

రెండవ లోపం ఇంకొంచెం లోతైనది. వెనుక జీరాడే భాగానికి లేసును దట్టంగా వేసి, ఆ బరువంతటినీ పలుచని శాటిన్ భుజాల మీద వదిలేశారు. అమ్మాయి నాలుగడుగులు వేయగానే గౌను వెనక్కి జారి, ముందు మెడ గొంతు దాకా వచ్చింది. నడుము దగ్గర లోపలి వైపు బిగువైన పట్టీ ఒకటి వేసి, బరువును దాని మీద నిలిపితే ఈ బాధ ఉండదు. ఈ సంగతి చెప్పింది దుకాణం వారు కాదు, మా ఇంటి దగ్గర పెళ్ళి జాకెట్లు కుట్టే మేనత్తగారు. గౌను ఉబ్బుగా నిలవడానికి లోపల వేసే గట్టి వలగుడ్డ, అంటే క్యాన్‌క్యాన్, మాత్రం సరిపడా వేశారు, లైనింగ్ గుచ్చుకోలేదు.

ఫిర్యాదు చేసినప్పుడు యజమానురాలు వాదించలేదు, అది ఆవిడ మంచితనం. ముందు అంచుకు రెండంగుళాల లేసు పట్టీ కలిపి, నడుము పట్టీ కూడా వేసి, మూడు రోజుల్లో తిరిగి ఇచ్చారు. పట్టీ మొదటి నుంచీ అక్కడ ఉన్నట్టే అమరింది, కాని దానికి మరో ఎనిమిది వందలు అడగడం నాకు నచ్చలేదు. తప్పు వారిదైనప్పుడు ఖర్చు మాది ఎలా అవుతుందని అడిగితే నాలుగు వందలకు తగ్గించారు.

వార్షికోత్సవంలో మా అమ్మాయి రెండవ స్థానంలో నిలిచింది. న్యాయనిర్ణేతల్లో ఒకామె వేదిక దిగి వచ్చి మరీ లేసు పట్టుకుని చూశారట.

అయిదుకు మూడున్నర ఇస్తున్నాను. లేసు ఒక్కటే కావలసినవారు నిస్సందేహంగా వెళ్ళవచ్చు. గౌను మొత్తం వారి చేతనే కుట్టించుకునేవారు, వేదిక మీద వేసుకోబోయే హీల్స్‌ను సంచిలో పెట్టుకుని వెళ్ళి, అవి వేసుకునే కొలతలు ఇవ్వండి. తెమ్మని వారు అడగరు.